చదువక వేసెడి వేలిముద్ర

శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములలో నేడు భూమి బంగారమైనది. ఒకప్పుడు ఎకరమునకు జొన్నలెన్ని బస్తాలని లెక్కించుకొనిన రైతును నేడు గజమునకు ధర యెంతయని అడుగుచున్నారు. 2018లో పురపాలక సంఘముగా మారిన శంకర్‌పల్లికి రాజధాని తానే నడచివచ్చి వాకిట నిలిచినది. భూమి నమ్ముకొని సొమ్ము చేతబట్టుకొన్నవారును, అమ్మక నిలుపుకొన్నవారును ఒక వస్తువును మాత్రము తప్పక సంపాదించుచున్నారు. అది స్మార్టుఫోను. పెద్దవారిలో చాలమందికి అది నగరములో ఉద్యోగము చేయు కుమారుడో, మనుమరాలో పండుగకు తెచ్చియిచ్చిన కానుక. దానిని వాడు విధానమును ఆ పిల్లలు తిరుగు ప్రయాణమునకు బండి యెక్కుటకు ముందు పది నిమిషములలో చెప్పి పోవుదురు. వాట్సాపులో బొమ్మలు చూచుట, యూట్యూబులో హరికథ వినుట ఆ పది నిమిషములలోనే వచ్చును. చెప్పక విడిచిన సంగతులే ముఖ్యమైనవి. వానిని గూర్చి మా పాఠకులకు కొంత విన్నవింప దలచినాము.

ముందుగా ఒక పాత సంగతి. నిజాము రాష్ట్రములో కచేరీల భాష ఉర్దూగా నుండిన దినములలో తెలుగు రైతు తనకు రాని భాషలో వ్రాసిన కాగితము క్రింద వేలిముద్ర వేసి, అందేమున్నదో పట్వారీ చెప్పినదే వేదమని నమ్మి యింటికి పోయెడివాడు. ఆ కాగితము వలన పోయిన మళ్లెన్నియో చెప్పగల ముసలివారు మన గ్రామములలో ఇంకను ఉన్నారు. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతను జరిగిన మొదటి నిజామాంధ్ర మహాసభయు, ఊరూర వెలసిన గ్రంథాలయములును, ఈ జిల్లాకు పేరిచ్చిన కొండా వెంకట రంగారెడ్డి గారి తరము పడిన శ్రమయు, మనవాడు చదివి మరీ సంతకము చేయవలెనను కోరికతోనే గదా! నేడు స్మార్టుఫోను అద్దముపై దినమునకు పదిసార్లు ఆంగ్లములో ఒక కాగితము ప్రత్యక్షమగుచున్నది. దాని క్రింద 'అనుమతించు' అని ఒక గుండీ. మనవాడు చదువకయే దానిపై వ్రేలు మోపుచున్నాడు. కాగితము మారినది, సిరా పోయినది. వేలిముద్ర మాత్రము అదే. ఫోనును గూర్చి మేము చెప్పదలచిన జాగ్రత్త లన్నియు ఈ ఒక్క సంగతి చుట్టును తిరుగునవే.

స్మార్టుఫోనును టెలిఫోను అని తలచుటయే మొదటి పొరపాటు. 1995 జూలై 31న కలకత్తానుండి జ్యోతిబసు గారు ఢిల్లీలోని సుఖరాం గారితో మాటలాడినప్పుడు మన దేశమున మొదలైన సెల్‌ఫోను మాటలాడుటకే యేర్పడినది. నేటిది అట్లుగాక దస్త్రముల పెట్టెయు, ఇనుప పెట్టెయు, మొహరును కలిసి ఒక్కటైనది. భూమి దస్త్రములు 2020 అక్టోబరు 29న ధరణిలోనికి పోయినవి; 2025 ఏప్రిలు 14న ధరణి స్థానమున భూభారతి వచ్చినది. రైతు సహాయపు సొమ్ము బ్యాంకు ఖాతాలో పడుచున్నది. బ్యాంకు వారును ఆధారు వారును మీరే మీరని తెలిసికొనుటకు ఫోను నంబరునకు ఓటీపీ పంపుచున్నారు. ఆరంకెల ఆ ఓటీపీయే నేటి మొహరు. పూర్వము జమీందారు మొహరుంగరమును స్నానమునకు పోవునప్పుడైనను వ్రేలినుండి తీయకుండెడివాడట. మనము ఓటీపీని అడిగినవారికెల్ల చదివి వినిపించుచున్నాము!

కావున ఫోను కొనునాటినుండియే జాగ్రత్త మొదలు కావలెను. బిల్లు మీ పేరనే ఉండవలెను. *#06# అని నొక్కినచో పదునైదంకెల సంఖ్య యొకటి కనబడును. రెండు సిమ్ములు పట్టెడి ఫోనులో అట్టివి రెండుండును. అది ఆ యంత్రమునకు పుట్టుమచ్చ వంటిది; ఫోను పోయిన దినమున పోలీసువారు మొదట అడుగునది అదియే. డబ్బాపై నున్నదిగదా యని ఊరకుండక వ్రాసిపెట్టుకొనుడు, డబ్బా చిత్తుకాగితములవానికి పోవును. ఆండ్రాయిడు ఫోను నడచుటకు గూగుల్ ఖాతా కావలెను. దుకాణములోని కుర్రవాడు తొందరలో తనకు తోచిన పేరుతోను, తన నంబరుతోను ఖాతా తెరచి చేతికిచ్చుట కలదు. ఆరు నెలలకు ఆ రహస్యపదము వానికే జ్ఞాపకముండదు. ఫోనును చెరిపి క్రొత్తగా మొదలుపెట్టిన దినమున యంత్రము ఆ పాతఖాతానే అడిగి మొరాయించును. ఖాతా మీ పేర, మీ నంబరుతో, మీ యెదుట తెరపించుకొనుడు.

తరువాతి పని భాష మార్చుట. ఇది ఆడంబరము కాదు, రక్షణ. 2011 జనాభా లెక్కల ప్రకారము ఎనిమిది కోట్లకు పైబడిన మనుష్యులు తెలుగును మాతృభాషగా చెప్పుకొనిరి. ఆ ఫోనులలో తెలుగు సిద్ధముగానే యున్నది. అడుగువారు లేక మూలబడి యున్నది. 'సెట్టింగులు' లోనికి పోయి భాషను తెలుగునకు మార్చి, అక్షరముల పరిమాణము పెంచుకొన్నచో, అరువది యేండ్లవాడు కండ్లజోడు వెదకుకొన నక్కరలేకయే అద్దముపై నేమున్నదో చదువగలడు. వ్రాయుట కష్టమైనచో మాటలాడిన చాలును: 2017 ఆగస్టునుండి గూగుల్ వారి కీబోర్డు తెలుగు మాటను విని అక్షరములుగా మార్చుచున్నది. మన పల్లెమాటలకు అది అప్పుడప్పుడు విచిత్రార్థములు కల్పించుట నిజమే. ఐనను చదువరాని యాంగ్లమునకంటె తప్పుల తెలుగు మేలు. ఇంత చేసినను కొన్ని యాపులు ఆంగ్లమునే పట్టుకొని వ్రేలాడుచుండును. పేదరైతు సొమ్ము దాచుకొను బ్యాంకులు షరతులను ఇరువది పుటల ఆంగ్లములో వ్రాసి 'అంగీకరించితిని' అను గుండీని మాత్రము తెలుగులో పెట్టుట మేమెరుగుదుము. దీనికి బ్యాంకులను, వానిపై నున్న ప్రభుత్వమును మేము తప్పుపట్టక తప్పదు. ఉర్దూ కాగితమును గూర్చి మన పెద్దలు చేసిన ఆక్షేపణ ఈ యాంగ్ల కాగితమునకును అక్షరమైనను మార్చక వర్తించుచున్నది.

తెరకు తాళము వేయుట అందరికిని తెలిసినదే. కాని ఆ తాళపు అంకెలు ఇంటిల్లిపాదికిని, ఇరుగుపొరుగు పిల్లలకును తెలిసియుండుటయు అంతే సాధారణము. ఇట్లనుటలో మా యుద్దేశము కుటుంబమును అనుమానింపుమని కాదు. భార్యకో, నమ్మకమైన కుమారునికో చెప్పియుంచుట అవసరమే, ఆసుపత్రిపాలైన నాడు వారే గదా దిక్కు. ఐతే తెరతాళమును, సొమ్ము చెల్లించు పిన్నును ఒకే అంకెలుగా పెట్టరాదు. పుట్టిన సంవత్సరమును అసలే పెట్టరాదు, అది ఆధారు కార్డుపై అచ్చయి యున్నది. సిమ్మునకు గూడ రీచార్జి మాని మూలబెట్టరాదు. దీర్ఘకాలము వాడని నంబరును కంపెనీ రద్దుచేసి, కొంతకాలమునకు మరియొకరి కిచ్చును. అప్పుడు మీ మొహరు ఊరెరుగని వాని చేతిలో పడినట్లే. నంబరు మార్చినవారు మొదట బ్యాంకులోను ఆధారులోను క్రొత్త నంబరు వ్రాయించి, పిమ్మట పాతది విడువవలెను.

ఇక సొమ్ము సంగతి. 2016లో మన జాతీయ చెల్లింపుల సంస్థ యేర్పరచిన యూపీఐ మనదేశపు బుద్ధినుండి పుట్టినది, గర్వింపదగినది. 2024 ఫిబ్రవరిలో పారిసు నగరపు ఐఫెల్ గోపురపు టిక్కెట్లను గూడ దీనితో కొను ఏర్పాటు జరిగినది. (పద్ధతి మనదైనను దానిపై నడచు వ్యాపారములో అధికభాగము విదేశపు కంపెనీల యాజమాన్యములోని యాపులదే యగుట వేరు సంగతి. స్వదేశీ కావలెననువారికి 2016 డిసెంబరు 30న వెలువడిన భీమ్ యాపు ఉన్నది.) దీనిలో జ్ఞాపకముంచుకొనవలసిన నియమము ఒక్కటే: పిన్ను ఇచ్చుటకే గాని పుచ్చుకొనుటకు కాదు. మీకు సొమ్ము రావలెనన్నచో మీరు చేయవలసిన పని యేదియు లేదు. 'మీ బర్రెను కొనెదను, బయానా పంపుచున్నాను, ఈ క్యూఆర్ గుర్తును స్కాను చేసి పిన్ను కొట్టుడు' అని ఎవరైనను అన్నచో వాడు దొంగయే. 'నాకింత పంపుము' అని వ్యక్తికి వ్యక్తి కోరిక పంపెడి పద్ధతిని 2025 అక్టోబరు 1నుండి ఆపివేసిరి. క్యూఆర్ మోసము మాత్రము ఆగలేదు.

భూమి అమ్మిన సొమ్ము బ్యాంకులో నున్నవారికి మరియొక మాట. ఆ ఖాతాను ఫోనునకు ముడిపెట్టకుడు. ఇంటి ఖర్చునకు వేరుగా ఒక ఖాతా తెరచి, అందు నెలకు సరిపడు సొమ్ము మాత్రముంచి, యూపీఐకి దానినే చూపుడు. సంతకు పోవునప్పుడు ఇనుప పెట్టె నెత్తిన పెట్టుకొని పోవువాడు లేడు. రొంటిలో నాలుగు నోట్లు దోపుకొని పోవుదురు. పెద్ద ఖాతాను బ్యాంకునకు పోయి పాసుపుస్తకముతో నడపుకొనుట నామోషీ కాదు. ఫోనులో కోట్లు కనబడుట చూచి మురియువారిని మేమెరుగుదుము. ఆ మురిపెము ఖరీదైనది.

ఇటీవలి మోసములలో మిక్కిలి ప్రమాదకరమైనది ఏపీకే అను దస్త్రముతో జరుగునది. వాట్సాపులో ఒక పెండ్లిపత్రిక వచ్చును. లేదా ట్రాఫిక్కు చలానా వచ్చును. లేదా 'పీఎం కిసాన్ సొమ్ము ఆగినది, ఇది నొక్కుడు' అని వచ్చును. ఏడాదికి ఆరువేలు మూడు విడతలుగా వచ్చు సొమ్ము ఆగినదనగా ఏ రైతు నొక్కకుండును? నొక్కినదే తడవుగా ఫోనులో కంటికి కనబడని పట్వారీ యొకడు కూర్చుండి, వచ్చిన ఓటీపీల నన్నిటిని తన యజమానికి పంపుచుండును. పెండ్లిపత్రిక బొమ్మగానో, పీడీఎఫ్‌గానో వచ్చును. అది ఎన్నడును యాపుగా రాదు. యాపు ఏదైనను ప్లేస్టోరునుండియే దించుకొనవలెను. 'తెలియని చోటునుండి స్థాపింప అనుమతించెదరా' అని ఫోను అడిగినప్పుడు, అదియే ఆ యంత్రము మీకు చేయు చివరి హెచ్చరిక. అట్లే టార్చిలైటు యాపునకు మీ సందేశములు చదువు అనుమతి యెందుకు? అడుగరాని దానిని అడిగినప్పుడు 'వద్దు' అనుటలో మొగమాటమేల? పక్కింటివాడు మీ పాసుపుస్తకము చూపుమన్నచో చూపుదురా?

వేలిముద్ర యనగా మన జిల్లాలలో భూస్వాములు ప్రత్యేకముగా నెరుగవలసిన సంగతి యొకటి కలదు. రిజిస్ట్రీ దస్తావేజుపై వేలిముద్రయు ఉండును, ఆధారు సంఖ్యయు ఉండును. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ములమ్ము నొకడు రిజిస్ట్రీ దస్తావేజుల ప్రతులనుండి రైతుల వేలిముద్రలను తీసి, రబ్బరు అచ్చులు పోయించి, వానితో వేలకొలది సిమ్ములను ఇతరుల పేర నడిపించి పట్టువడినాడు. ఆధారు సంఖ్యయు వ్రేలిముద్రయు ఉన్నచో ఓటీపీ లేకయే సొమ్ము తీయు పద్ధతి పల్లెలలోని బ్యాంకు మిత్రులకడ నుండుటచేత ఇట్టి అచ్చులకు గిరాకి కలిగినది. ఇరువది దస్తావేజులు గలవాని వేలిముద్రలు ఇరువది చోట్ల నున్నట్లే. దీనికి విరుగుడు సులభమైనది: ఆధారు సంస్థవారి యాపులో 'బయోమెట్రిక్ లాకు' అను తాళమున్నది. వేసినచో వ్రేలిముద్రతో ఎవ్వరును ఏమియు చేయలేరు. మీకు కావలసినప్పుడు తీసి మరల వేసికొనవచ్చును. చేతకానివారు ఆధారు వారి 1947 అను నంబరునకు ఫోను చేసి తెలుగులోనే అడుగవచ్చును. ఆ నంబరును జ్ఞాపకముంచుకొనుటకు మా పాఠకులకు ప్రయాసముండదు.

'డిజిటల్ అరెస్టు' అను మాట వినని ఇల్లు నేడరుదు. పోలీసు దుస్తులు ధరించిన యొకడు వీడియోలో కనబడి, మీ పేర మత్తుమందుల పొట్లము పట్టుబడినదనియు, గది విడిచి కదలరాదనియు, ఎవరికిని చెప్పరాదనియు బెదరించి, ఖాతాలోని సొమ్మంతయు 'పరీక్షకై' పంపుమనును. ప్రధానమంత్రి గారు 2024 అక్టోబరు 27న ఆకాశవాణిలో దీనిని ప్రస్తావించి, అట్టి అరెస్టు మన చట్టములో లేనేలేదని స్పష్టపరచిరి. ఇందులో మాకు విచారము కలిగించునది సొమ్ము పోవుట మాత్రమే కాదు. మోసపోవుచున్నవారిలో విశ్రాంత ఉద్యోగులును, విద్యావంతులును ఉన్నారు. దొరతనపు గొంతు వినగానే చేతులు కట్టుకొని నిలుచు పాత అలవాటు స్వరాజ్యము వచ్చి ఇన్ని యేండ్లయినను మనలో పోలేదు. ఫోను పెట్టివేయుట నేరము కాదు. నిజమైన పోలీసు ఇంటికి వచ్చును, కాగితము చూపును.

మోసము జరిగినచో నష్టమెవరిదను ప్రశ్నకు రిజర్వుబ్యాంకు 2017 జూలై 6న ఒక సూత్రమును స్థిరపరచినది. మీ తప్పు లేక, బ్యాంకు తప్పును లేక, మూడవవాని వలన సొమ్ము పోయినప్పుడు మూడు పనిదినములలో తెలిపినచో ఖాతాదారునకు నష్టములేదు. కాని ఓటీపీనో, పిన్నునో మీరే యిచ్చియున్నచో, బ్యాంకునకు తెలుపునంతవరకు పోయిన సొమ్ము మీదే. అనగా చదువకయే వేసినను వేలిముద్ర వేలిముద్రయే యని దాని తాత్పర్యము. 2024 ఒక్క సంవత్సరములో దేశప్రజలు సైబరు మోసములకు 22,845 కోట్ల రూపాయలు కోల్పోయినట్లు 2025లో కేంద్రము పార్లమెంటునకు తెలిపినది. దీనిలో కొంతైనను నిలుపగలిగినది తొందరగా చేసిన ఫిర్యాదే. సొమ్ము పోయిన గంటలోపల 1930 అను నంబరునకు ఫోను చేసినచో, దొంగ ఖాతానుండి మరియొక ఖాతాకు పోకముందే దానిని అడ్డగించు అవకాశము కలదు. ఉప్పు సత్యాగ్రహము జరిగినదియు, జోగిపేట మహాసభ జరిగినదియు ఆ యేడే. సిగ్గుపడి నాలుగు దినములు ఇంటిలో దాచిపెట్టుకొనువారికి మాత్రము ఏ నంబరును సాయపడలేదు.

పుకార్ల సంగతి క్లుప్తముగా. 2018లో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను వాట్సాపు కబుర్లు మన జిల్లాలలో మనుష్యుల ప్రాణములు తీసినవి. ఆ జూలైలోనే హైదరాబాదునుండి బీదరు వైపు విహారమునకు పోయి, పిల్లలకు చాక్లెట్లిచ్చిన పాపమునకు, యువకుడొకడు గుంపు దెబ్బలకు చచ్చెను. ఒక్కసారి అయిదు చోట్లకు మించి పంపరాదను నిబంధన వాట్సాపు వారు మన దేశమున పెట్టినది దాని తరువాతనే. కబురు పంపిన వ్రేలు ఎవరిదో ఆ గుంపులో ఒక్కడైనను అడుగలేదు.

కడపట ఫోను పోయినచో చేయవలసినది. మొదట సిమ్ము కంపెనీకి ఫోను చేసి నంబరు ఆపించుడు. రెండవది బ్యాంకునకు చెప్పి యూపీఐ నిలుపించుడు. మూడవది పోలీసు ఫిర్యాదు. పిమ్మట కేంద్రప్రభుత్వపు సంచార్ సాథీలో, 2023 మే నుండి దేశమంతటను నడచుచున్న సీఈఐఆర్ పద్ధతిలో, ఆ పదునైదంకెల సంఖ్య నిచ్చి యంత్రమునే నిలిపివేయించుడు. అదే పోర్టలులో మీ పేర ఎన్ని సిమ్ములు నడచుచున్నవో గూడ చూడవచ్చును. సిమ్ము కంపెనీ నంబరు, బ్యాంకు నంబరు, 1930, 1947, ఫోను సంఖ్య, కొన్న తేదీ—వీని నన్నిటిని ఒక కాగితముపై పెద్ద అక్షరములతో వ్రాసి పాసుపుస్తకముల పెట్టెలో నుంచవలెను. నకలొకటి, ఆ పది నిమిషములు చెప్పి పోయిన కుమారుని చేతికిచ్చుట మంచిది.